పెదనాయన మంచి మనిషి. కానీ పాముకాటుకు మంత్రం వేస్తాడు. ఎలా ఆపాలి?

మామిడితోట (చిత్తూరు)
ఆదివారం, రాత్రి 9:40

రాయాలా వద్దా అని వారం నుంచి కొట్టుకులాడుతున్నాను. ఇంట్లో మాట్లాడలేని విషయం కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మా పెదనాయనకు 78 ఏళ్ళు. పాముకాటుకు, తేలుకాటుకు మంత్రం వేస్తాడు. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు. ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదు. ముట్టుకుంటే మంత్రం పారదని ఆయన నమ్మకం. అర్ధరాత్రి తలుపు తట్టినా లేస్తాడు. సంక్రాంతి రోజు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయిన మనిషి. కాటు పడినవాళ్ళు కోలుకునేదాకా ఉప్పు వేసుకోడు. బతికిన ఒక్కొక్కరికీ ఒక చింతగింజ తీసి పాత హార్లిక్స్ సీసాలో వేస్తాడు. చిన్నప్పుడు ఆ సీసాను మేము దేవుడి పటంలా చూసేవాళ్ళం.

2003 జూలైలో మా తమ్ముడు పోయాడు. వాడికి తొమ్మిదేళ్ళు, నాకు పద్నాలుగు. కాయలు కోసే కాలం, తోటలో గుడిసె ముందు నేల మీద చాప పరుచుకొని అందరం పడుకున్నాం. తెల్లవారుజామున వాడు కడుపునొప్పి అని లేచాడు. రాత్రి పనసతొనలు ఎక్కువ తిన్నాడని అమ్మ వాము నీళ్ళు తాగించింది. కాసేపటికి వాడు కళ్ళు తెరవలేకపోయాడు. నిద్రమత్తు అనుకున్నాం. రెప్పల్ని వేళ్ళతో ఎత్తి "అక్కా, ఇట్ల పట్టుకుంటేనే కనపడతా ఉంది" అన్నాడు. నాయన టార్చి వేసి చూస్తే చెవి కింద సూది గుచ్చినట్టు రెండు చుక్కలు. చాప ఎత్తితే గుడిసె గోడ వారన కట్లపాము.

పెదనాయన పరుగున వచ్చాడు. వేపాకు నమిలించాడు. చేదుగా ఉందన్నాడు వాడు. "చేదు తెలస్తా ఉంది, విషం ఎక్కలేదు" అని అందరికీ ధైర్యం చెప్పాడు. పక్కతోట వాళ్ళ ట్రాక్టరు ఉంది, చిత్తూరు పోదామని నాయన అన్నాడు. "కదిలిస్తే విషం పైకి పోతుంది, నేనుండాను కదా" అన్నాడు పెదనాయన. మూడు గంటల సేపు వేపమండతో తల నుంచి కాళ్ళ దాకా దిగదీస్తూనే ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఊపిరి ఆడటం లేదని ఏడున్నరకు ట్రాక్టరు ఎక్కించారు. పూతలపట్టు చేరకముందే అమ్మ ఒళ్ళో పోయాడు.

"వాడి రాత అంతే" అన్నారు అందరూ. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పెదనాయన ఏడాది పాటు గడ్డం తీయలేదు.

పోయిన వారం మళ్ళీ ఒక కూలీ అమ్మాయిని తీసుకొచ్చారు. బతికింది. సీసాలో గింజ వేస్తూ "రెండు వందలు దాటినారు తల్లీ" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి నాకు భయం పట్టుకుంది. ఆయన అబద్ధమాడడు. ఆయన్ని మోసగాడు అనడానికి నాకు నోరు రాదు. కానీ ఆపకపోతే ఇంకొక పిల్లోడు పోతాడు. ఏం చేయమంటారు?


సువర్ణముఖి (తిరుపతి)
ఆదివారం, రాత్రి 10:15

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను అక్కా. ఒకటే అడుగుతాను. మీ తమ్ముడి గురించి ఆయనతో ఎప్పుడైనా మాట్లాడారా?


మామిడితోట
ఆదివారం, రాత్రి 10:22

లేదు. ఇరవై ఏళ్ళు దాటింది. వాడి పేరు ఆయన ముందు ఎవరూ ఎత్తరు.


నైట్‌డ్యూటీ (స్టాఫ్ నర్సు, చిత్తూరు జిల్లా)
సోమవారం, ఉదయం 7:50

ఇప్పుడే డ్యూటీ దిగి చూశాను. మీ తమ్ముడిలో కనిపించినవన్నీ కట్లపాము కాటు లక్షణాలే. అది రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలామందికి మెలకువ కూడా రాదు. కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయకపోవడం.

వేపాకు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ ఊళ్ళలో దాన్ని నమ్ముతున్నారు. కట్లపాము విషం నరం నుంచి కండరానికి వెళ్ళే ఆజ్ఞను అడ్డుకుంటుంది. నాలుకకు రుచి తెలియడం వేరే దారి, దాని జోలికి పోదు. అందుకే ఊపిరి ఆగిపోయే ముందు కూడా మనిషికి వేపాకు చేదుగానే ఉంటుంది. మీ తమ్ముడు నిజమే చెప్పాడు. మీ పెదనాయన తప్పు ప్రశ్న అడిగాడు.

"కదిలిస్తే విషం పైకి పోతుంది" అనేది మాత్రం సగం నిజం. మేమూ కదలనివ్వొద్దనే చెప్తాం. నడిపించొద్దు, పరిగెత్తించొద్దు, కరిచిన కాలికో చేతికో బద్ద కట్టి కదలకుండా ఉంచండి అంటాం. కానీ అలా పడుకోబెట్టి ఎత్తుకొని రమ్మంటాం, అక్కడే ఉంచమని కాదు. ఆ మిగతా సగం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

విరుగుడు సూది ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. కట్లపాము కాటుకు సూదితో పాటు కొన్నిసార్లు రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాలి. అలా ఉంచితే లేచి నడిచి ఇంటికి పోయినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఇవేవీ వద్దు.


బయాలజీ మాస్టారు (మదనపల్లె)
సోమవారం, ఉదయం 11:05

అమ్మా, మీ బాధలో ఒక ముఖ్యమైన ప్రశ్న ఉంది. రెండు వందల మంది నిజంగానే బతికారు కదా, మరి మంత్రం పనిచేయలేదని ఎలా అంటాం?

మన దేశంలో దాదాపు 300 రకాల పాములున్నాయి. విషమున్నవి ఓ 60. ప్రాణాలు తీసేవాటిలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. మన తోటల్లో, చెరువుల కింద ఎక్కువగా కనబడేవి జెర్రిపోతు, నీరుకట్టె. వాటికి విషం లేదు. పైగా విషమున్న పాము కూడా ప్రతి కాటుకీ విషం దింపదు. ఇవన్నీ కలిపి చూసుకోండి. పాము కరిచిందని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏమీ చేయకపోయినా బతుకుతారు. మంత్రం వేసినా బతుకుతారు, పక్కన కూర్చొని కథ చెప్పినా బతుకుతారు.

బతికినవాళ్ళు అరటిగెల తీసుకొని వచ్చి కాళ్ళకు మొక్కుతారు. సీసాలో గింజ పడుతుంది. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు "రాత" అంటారు, లేదా "ఆలస్యంగా తీసుకొచ్చాం" అని తమనే తిట్టుకుంటారు. అక్కడ గింజ పడదు. ఆయన అబద్ధం లెక్క చెప్పడం లేదు. ఆ సీసాలో పడేది ఒకవైపు లెక్కే.

చదువు లేక ఇలా అయిందని ఎవరైనా అంటారేమో, అది నేను ఒప్పుకోను. 1793లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వచ్చి దాదాపు 5,000 మంది చనిపోయారు. డబ్బున్నవాళ్ళు ఊరు వదిలి పారిపోయారు. బెంజమిన్ రష్ అనే పెద్ద డాక్టరు పారిపోలేదు. ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన మనిషి ఆయన. ఇంటింటికీ తిరిగి వైద్యం చేశాడు. ఆ వైద్యం ఏమిటంటే, గట్టిగా విరేచనాలు చేయించి, ఒంట్లో రక్తం తీసేయడం. జ్వరంతో నీరసించినవాళ్ళకు అంతకంటే కీడు ఉండదు. ఆయనకే జ్వరం వచ్చినప్పుడు తనకూ అదే చేయించుకున్నాడు. అంత నిజాయితీ! ప్రాణాలకు తెగించి ఊళ్ళో నిలబడ్డాడు, నిలబడి మనుషుల్ని మరింత నీరసపరిచాడు. మీ పెదనాయన గురించి చదువుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు.

రక్తం తీయడం మీద నమ్మకం ఎలా సడలిందో కూడా చెప్పాలి. పారిస్‌లో పియర్ లూయీ అనే డాక్టరు న్యుమోనియా రోగులను తొందరగా రక్తం తీసినవాళ్ళు, ఆలస్యంగా తీసినవాళ్ళు అని విడదీసి, బతికినవాళ్ళతో పాటు పోయినవాళ్ళనూ లెక్క వేశాడు. 1835లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. తొందరగా తీసినందుకు ప్రాణం నిలిచిన దాఖలా కనబడలేదు. ఎవరినీ తిట్టలేదాయన. రెండో సీసా పెట్టాడు, అంతే.


తాతయ్యగుంట (తిరుపతి)
సోమవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. పెద్దాయన వయసు 78. అంటే ఆయన మంత్రం మొదలుపెట్టిన రోజుల్లో ఆ ఊరికి రోడ్డు ఉందా? రాత్రిపూట డాక్టరు ఉన్నాడా? 108 బండి మన రాష్ట్రంలో మొదలైందే 2005లో. అప్పుడు తలుపు తట్టడానికి ఆయన ఇల్లు ఒక్కటే ఉంది. భయంతో సగం చచ్చిన మనిషికి ధైర్యం చెప్పిన ఆయన్ని ఈ రోజు బోనులో నిలబెట్టడం న్యాయమా?

డాక్టర్లు మాత్రం నమ్మి తప్పులు చేయలేదా? పల్లెల్లో పెద్దవాళ్ళు చేస్తే మూఢనమ్మకం, తెల్లకోటు వేసుకొని చేస్తే సైన్సా?


మామిడితోట
సోమవారం, మధ్యాహ్నం 2:10

అన్నా, మీరు రాసింది నిజమే, ఒక్కటి తప్ప. ఆ రోజు ట్రాక్టరు ఉంది. డీజిల్ ఉంది. డ్రైవరు ఇంజను ఆన్ చేసి కూర్చున్నాడు. పెదనాయన ఆగమంటే మళ్ళీ ఆపేశాడు. ఆ ఇంజను ఆగిన శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.


నైట్‌డ్యూటీ
సోమవారం, సాయంత్రం 6:20

తాతయ్యగుంట అన్నా, డాక్టర్లూ చేశారు. ఒకటి చెప్తాను. పసిబిడ్డల్ని బోర్లా పడుకోబెట్టమని అమెరికాలో, యూరప్‌లో డాక్టర్లు ఏళ్ళ తరబడి చెప్పారు. వెల్లకిలా పడుకుంటే కక్కుకున్నది గొంతుకు అడ్డం పడుతుందని వాళ్ళ ఆలోచన. తల్లులు నమ్మారు. నిద్రలోనే ప్రాణం పోయే బిడ్డల్లో బోర్లా పడుకున్నవాళ్ళే ఎక్కువని తర్వాత లెక్కల్లో తేలింది. 1994లో అమెరికాలో ప్రచారం పెట్టి, వెల్లకిలానే పడుకోబెట్టమని చెప్పారు. ఆ తర్వాత అలాంటి చావులు సగానికి పైగా తగ్గాయి. ముందు చెప్పిన సలహాకు ఎంతమంది బిడ్డలు పోయారో అనుకుంటే గుండె చెరువవుతుంది. ఆ డాక్టర్లలో ఒక్కరు కూడా బిడ్డకు కీడు కోరలేదు.

కాబట్టి తెల్లకోటుకు ఏ మినహాయింపూ లేదు. నేనూ రేపు తప్పు అని తేలేది ఏదో ఒకటి ఈ రోజు వార్డులో చేస్తూ ఉండవచ్చు. అందుకే కేసు షీటులో పోయినవాళ్ళ వివరాలు కూడా రాస్తాం.


బైరాగిపట్టెడ అమ్మ (తిరుపతి)
సోమవారం, రాత్రి 8:45

మా ఇంట్లో పాము కాదు, నీళ్ళు.

మా అవ్వ ఏడుగురిని కని ముగ్గురిని పోగొట్టుకుంది. విరేచనాలైతే పిల్లలకు చుక్క నీళ్ళు ఇవ్వనిచ్చేది కాదు. "పోసేకొద్దీ పోతాయి" అనేది. నాలుక పిడచకట్టి పిల్లలు ఏడుస్తుంటే తానూ నీళ్ళు ముట్టకుండా పక్కనే కూర్చునేదట. నా బిడ్డకు విరేచనాలైనప్పుడు నేను ఓఆర్ఎస్ కలుపుతుంటే నా చేయి పట్టుకుంది. చంపేస్తావా అంది. నేను పట్టించాను. మూడో రోజుకు బిడ్డ ఆడుకుంటున్నాడు.

అవ్వ సంతోషపడలేదు. వంటింటి గడప మీద కూర్చొని ముగ్గురి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పి, "నీళ్ళు ఇచ్చింటే బతికేవాళ్ళా మే?" అని అడిగింది. నేను ఏం చెప్పాలో తెలియక ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కా, మీ పెదనాయనకు ఈ ప్రశ్న వస్తుంది. మీరు ముందే సిద్ధపడండి.


నైట్‌డ్యూటీ
సోమవారం, రాత్రి 9:00

అమ్మా, మీ అవ్వ ఒక్కరే కాదు, 1971 దాకా చాలామంది పెద్ద డాక్టర్లకు కూడా కలరాకు సెలైనే దిక్కు అనిపించేది. బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి ఇంటివాళ్ళ చేతనే తాగించారు. నూటికి 30 మంది పోతున్న చోట నలుగురి లోపుకు తగ్గింది.


మోడరేటర్
మంగళవారం, ఉదయం 9:00

ఒక సభ్యుడు ఊరు ఫలానా అయి ఉంటుందని, పెద్దాయన ఫలానా అని ఊహించి రాశారు. ఆ వ్యాఖ్య తీసేశాను. దయచేసి ఎవరూ ఆ ప్రయత్నం చేయొద్దు.


అలిపిరి అంగడి (తిరుపతి)
మంగళవారం, ఉదయం 10:30

నాదీ ఒకటి ఉంది. పదేళ్ళు తిరుమల నడకదారిలో కోతులకు, జింకలకు బిస్కెట్లు, కీర ముక్కలు పెట్టాను. మూగజీవాలకు పెడితే స్వామికి పెట్టినట్టే అనుకున్నాను. నా అంగడికి వచ్చే భక్తులకు కూడా "రెండు ప్యాకెట్లు ఎక్కువ తీసుకోండి, జింకలకు పెట్టండి" అని చెప్పి అమ్మేవాణ్ణి. పుణ్యం అనే చెప్పాను, అదే నమ్మాను.

2023 ఆగస్టులో నడకదారిలో చిరుత ఆరేళ్ళ పాపను ఎత్తుకుపోయింది. ఆ పాప విషయంలో తిండి పెట్టడమే కారణమని నేననను. కానీ తర్వాత దేవస్థానం వాళ్ళు మధ్యాహ్నం 2 దాటాక చిన్నపిల్లలతో నడవనివ్వలేదు, చేతికి కర్రలిచ్చారు, జంతువులకు తిండి పెట్టొద్దన్నారు. తిండి కోసం జంతువులు దారి పక్కకు చేరితే, వాటి కోసం చిరుత వస్తుందని ఒక ఫారెస్టు గార్డు నాకు విడమరిచి చెప్పాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇప్పుడు ఎవరైనా కీర ముక్కలు కోతికి అందిస్తుంటే చేయి అడ్డం పెడతాను. కొంతమంది నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూస్తారు. పదేళ్ళ కిందట నేనూ అలాగే చూసేవాణ్ణి, అందుకని కోపం రాదు.


నగరి నేత (నగరి)
మంగళవారం, మధ్యాహ్నం 12:15

పాముల గురించి పాత తరం జ్ఞానం అంతా పనికిరాదనే అర్థం రాకూడదు. తమిళనాడులో, మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర ఇరులర్ అనే గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి నడుస్తోంది. తాతల నాటి నుంచి పాములు పట్టడమే వాళ్ళ విద్య. చర్మాల కోసం పట్టడం చట్టం ఆపేశాక, విషం తీసి మందు కంపెనీలకు ఇచ్చి, పామును మళ్ళీ అడవిలో వదిలిపెడుతున్నారు. మన దేశంలో విరుగుడు మందుకు కావలసిన విషంలో చాలా భాగం వాళ్ళ చేతుల మీదుగానే వస్తుంది. ఇద్దరు ఇరులర్లకు, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ళ విద్యను ఎవరూ కాదనలేదు, దానికి సరైన చోటు చూపించారు.


తాతయ్యగుంట
మంగళవారం, రాత్రి 9:50

నిన్న కోపంగా రాశాను. ట్రాక్టరు మాట చదివాక నిద్ర పట్టలేదు. క్షమించండి చెల్లెమ్మా.

ఒక ఆలోచన వచ్చింది. ఆయన్ని మంత్రం మానెయ్యమంటే మానడు. మానితే బతికినవాళ్ళంతా అబద్ధమైపోతారు ఆయనకు. మంత్రాన్ని బండిలో వెయ్యమనండి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా, వచ్చాక దారి పొడుగునా ఆయన మంత్రం చదువుతూ పక్కనే కూర్చోవచ్చు. కదలొద్దు అని ఆయన చెప్తే పేషెంటు వింటాడు. ఆసుపత్రికి పోదాం అని ఆయన చెప్తే ఊరే వింటుంది. ఆ మాట మనం చెప్తే ఎవరు వింటారు?


నైట్‌డ్యూటీ
బుధవారం, ఉదయం 8:10

ఇది చాలా మంచి మాట. భయంతో వణికే మనిషిని కదలకుండా పడుకోబెట్టడం మాకే కష్టం. ఆయన చేయగలడు. తాడుతో కట్లు కట్టనివ్వొద్దనండి, నోటికి ఏమీ పెట్టొద్దనండి. మిగతాది మేము చూసుకుంటాం.


మామిడితోట
రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 11:30

ఈ రోజు వెళ్ళొచ్చాను. దారంతా టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

పెదనాయన వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. మాస్టారు చెప్పిన లెక్క చెబుదామని అనుకొని వెళ్ళాను. చెప్పలేకపోయాను. సీసా తెచ్చి ఒళ్ళో పెట్టుకొని, "పెదనాయనా, పోయినోళ్ళకు గింజ ఎందుకు వేయలేదు?" అని మాత్రం అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఏ నెల, వాన పడుతుందా లేదా, అన్నీ గుర్తున్నాయి. పదకొండు మంది. సీసా అక్కరలేదు ఆయనకు. ఆరో పేరు మా తమ్ముడిది. వాడి పేరు ఆయన నోట వినడం ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దమ్మ వింటోంది.

వేపాకు సంగతి చెప్పాను. నాలుకకు ఒక దారి, ఊపిరికి ఒక దారి అని నర్సక్క రాసినట్టే చెప్పాను. "అంటే చేదుగా ఉందని వాడు చెప్పింది నిజమేనా" అన్నాడు. నిజమే అన్నాను. బైరాగిపట్టెడ అమ్మ చెప్పిన ప్రశ్న అప్పుడు వచ్చింది. "ఆ పొద్దు టాక్టరు ఎక్కించి ఉంటే?"

తెలీదని చెబుదామనుకున్నాను. నోట్లోంచి మాత్రం "బతికేవాడేమో పెదనాయనా" అని వచ్చింది. ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

తాతయ్యగుంట అన్న చెప్పిన మాట సాయంత్రం చెప్పాను. వెంటనే అవుననలేదు. "బండిలో నన్ను ఎక్కనిస్తారా?" అని అడిగాడు. అడుగుతాం అన్నాను. పాముకాటైతే ముందు ఫోను, తర్వాతే మంత్రం అని పెద్దమ్మ ముందు ఒప్పుకున్నాడు. ఆయన ఫోనులో 108 మొదటి నంబరుగా పెట్టి, రెండుసార్లు నొక్కించి చూపించాను, మోగకముందే కట్ చేస్తూ.

తేలుకాటు మాత్రం ఒప్పుకోలేదు. తేలుకు ఎవరూ పోలేదు కదా అంటాడు. మా తోటల్లో ఎర్ర తేళ్ళున్నాయి. నర్సక్కా, దాని గురించి రాస్తారా? వచ్చే ఆదివారం మళ్ళీ పోతున్నాను.


నైట్‌డ్యూటీ
సోమవారం, ఉదయం 8:25

పెద్దవాళ్ళకు నల్ల తేలు కుడితే ఎక్కువగా నొప్పితోనే సరిపోతుంది. చిన్నపిల్లలకు ఎర్ర తేలు కుడితే అలా అనుకోకూడదు. ఒళ్ళంతా చెమటలు, కాళ్ళు చేతులు చల్లబడటం, వాంతులు కనిపిస్తే అది గుండె మీద పడుతున్నట్టు. తొందరగా తెస్తే ప్రజోసిన్ అనే చిన్న మాత్రతో బతికించవచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పల్లెటూరి పేషెంట్లకు ఏళ్ళ తరబడి వైద్యం చేస్తూ డాక్టర్ బావస్కర్ గారు దాన్ని నిరూపించారు.

ఈ ఆదివారం నాకు డ్యూటీ లేదు. మీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను. బండిలో ఏం చేయాలో ఆయనకు నేనే చూపిస్తాను.